వాట్సాప్ నుంచి ఆఫీసు మెయిల్ దాకా: ఎమోజీలను ఎరిగి వాడటం ఎలా

మధురవాడ అపార్ట్‌మెంటు సంఘం గ్రూపులో నీళ్ళ ట్యాంకు కడిగే తేదీ, ఉక్కు కర్మాగారంలో షిఫ్టు మార్పిడి, రుషికొండ ఐటీ కంపెనీలో పని అప్పగించాల్సిన గడువు, పెందుర్తిలో పిన్నిగారింటి వ్రతానికి పిలుపు. విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ సంసారం నడుపుకొనేవారికి ఇవన్నీ ఒకే ఫోనులో, ఒకే ఉదయం, ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. వేలు మాత్రం అన్నింటికీ అలవాటైన ఆ నాలుగైదు బొమ్మల మీదికే పోతుంది. స్నేహితుడికి పెట్టిన బొమ్మనే మేనేజరుకీ, మేనేజరుకి పెట్టినదాన్నే పెదనాన్నగారికీ పెట్టేస్తాం. ఎదుటివారు దాన్ని ఎలా చదువుకున్నారో మనకు చాలాసార్లు తెలియనే తెలియదు.

ఎమోజీలను మానేయమని చెప్పడం ఈ మార్గదర్శి ఉద్దేశం కాదు. విషయమంతా వాక్యంలో ఉండాలి, ఎమోజీ ఆ వాక్యపు స్వరానికి మాత్రమే తోడు రావాలి అన్న ఒక్క సూత్రాన్ని పట్టుకుని, ఇంట్లోనూ కార్యాలయంలోనూ దాన్ని ఎలా అమలు చేయవచ్చో ఒక్కొక్క మెట్టుగా కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: వాక్యాన్ని ఎమోజీ లేకుండా ముగించండి

తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. పంపు, పంపండి, పంపగలరా, వీలైతే పంపగలరా అండీ అన్న నాలుగింటిలోనూ పని ఒకటే అయినా, అడిగేవారికీ వినేవారికీ మధ్య ఉన్న దూరం నాలుగు రకాలుగా వినిపిస్తుంది. ఈ సదుపాయం చేతిలో ఉండగా, తొందరలో దాన్ని వదిలేసి లోటును బొమ్మతో పూడ్చాలని చూడటమే మన సందేశాల్లో తరచుగా కనిపించే పొరపాటు. ‘సార్ ఫైల్ పంపు 🙏’ అని రాసినప్పుడు చేతులు జోడించిన బొమ్మ ఎంత వినయంగా ఉన్నా, ‘పంపు’లోని ఏకవచనపు గరుకుతనం తగ్గదు. ‘సార్, మధ్యాహ్నంలోగా ఫైలు పంపగలరా?’ అన్న వాక్యానికి బొమ్మ అవసరమే రాదు, పెట్టినా నష్టం లేదు.

షిఫ్టు మార్చుకోవడానికి సహోద్యోగిని అడుగుతున్నారనుకోండి. ‘ఎల్లుండి బి షిఫ్ట్ 🥺🙏🙏’ అన్నది సందేశం కాదు, సగం మూలుగు. దాన్ని చదివినవారు ఏ తేదీ, ఎవరి బదులు ఎవరు, బదులుగా తనకేమిటి అని తిరిగి మూడు ప్రశ్నలు వేయాల్సి వస్తుంది. అదే విషయాన్ని ‘అన్నా, శుక్రవారం బి షిఫ్టుకి నా బదులు రాగలరా? నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. శనివారం మీ సి షిఫ్టు నేను చేస్తాను. 🙏’ అని రాస్తే, అవతలివారు అవునో కాదో ఒక్క మాటలో తేల్చేయగలరు. పరీక్ష కూడా సులువైనదే. పంపే ముందు బొమ్మను బొటనవేలితో మూసి వాక్యాన్ని చదవండి. పని ఏమిటో, ఎప్పటికో, ఎవరిదో ఇంకా తెలుస్తోంటే పంపండి. తెలియకపోతే లోపం బొమ్మది కాదు, వాక్యానిది.

రెండో మెట్టు: చదివేవారి వయసు, వరుస, హోదా తలచుకోండి

ఒకే బొమ్మకు తరాన్ని బట్టి అర్థం మారుతోంది. ఇరవైల్లో ఉన్నవారు పుర్రె బొమ్మ 💀 పెడితే ‘నవ్వలేక చచ్చాను’ అని అర్థం. అదే బొమ్మ మామయ్యగారి కంట పడితే ఎవరికేమైందోనని కంగారు పడతారు. బోరున ఏడ్చే ముఖాన్ని 😭 కూడా పిల్లలు నవ్వుకే వాడుతున్నారు. పెదవులు కొద్దిగా వంచి నవ్వే ముఖం 🙂 పెద్దవారికి నిజంగానే చిరునవ్వు. కుర్రవారిలో చాలామందికి మాత్రం అది లోపల మండుతున్నా పైకి నవ్వడం. నలభై దాటిన టీమ్ లీడర్ ‘రేపు మాట్లాడదాం 🙂’ అని మంచి మనసుతో రాస్తే, కొత్తగా చేరిన అమ్మాయికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఇందులో తప్పు ఇద్దరిదీ కాదు. అయితే సందేశం పంపిన వ్యక్తి పెద్ద హోదాలో ఉన్నప్పుడు, ‘రేపు పదకొండింటికి మీ రిపోర్టు గురించి మాట్లాడదాం, కంగారు పడవలసిందేమీ లేదు’ అని ఇంకో నాలుగు మాటలు రాసే బాధ్యత ఆయనదే.

ఆఫీసుల్లో సురక్షితమైన పద్ధతి ఒకటుంది. కొత్త వ్యక్తితో, ముఖ్యంగా మీకన్నా పై స్థాయివారితో, వారు మొదట ఎమోజీ వాడేవరకు మీరు వాడకండి. వారు వాడాక కూడా వారి మోతాదును మించకండి. పెళ్ళి సంబంధం కుదిరిన కొత్త వియ్యాలవారితో మొదలైన గ్రూపుకు సైతం ఇదే వర్తిస్తుంది. అక్కడ ముద్దు ముఖాలు 😘, కన్ను గీటే ముఖాలు 😉 చేసే చేటు ఇంతా అంతా కాదు.

మూడో మెట్టు: బొమ్మ పుట్టుక, అవతలి తెరమీది రూపం తెలుసుకోండి

మనం వాడే ఎమోజీలలో చాలావాటి మూలం జపాన్‌లో ఉంది. 1999లో అక్కడి మొబైల్ ఫోన్ సంస్థ ఎన్‌టీటీ డొకోమో కోసం షిగెతాకా కురీతా 176 చిన్న బొమ్మలను రూపొందించారు; ఒక్కొక్కటి అడ్డం 12, నిలువు 12 చుక్కల గడిలో ఇమిడిపోయేది. 2010లో, అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటరు సంకేతాలు కేటాయించే ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్ తన 6.0 వెర్షన్‌లో ఎమోజీలను పెద్దఎత్తున తనలో చేర్చుకోవడంతో అవి క్రమంగా అన్ని దేశాల ఫోన్లకూ చేరాయి. ఈ పుట్టుక వల్లనే కొన్ని బొమ్మలు మనకు తలకిందులుగా అర్థమవుతాయి. ముక్కులోంచి ఆవిరి చిమ్మే ముఖం 😤 జపాన్ బొమ్మల కథల సంప్రదాయంలో గెలుపు గర్వానికి గుర్తు, మనకది ఒట్టి కోపం. ముక్కు దగ్గర బుడగ వేలాడే ముఖం 😪 నిద్రకు గుర్తు, మనవారు దాన్ని కన్నీరనుకుని పరామర్శలకు వాడుతుంటారు. తెల్లని పూవు ముద్ర 💮 అక్కడి ఉపాధ్యాయులు బాగా చేసిన హోంవర్కు మీద వేసే మెచ్చుకోలు ముద్ర. చేతులు జోడించిన బొమ్మ 🙏 విషయంలో మాత్రం మనకు పేచీ లేదు. అక్కడ వేడుకోలు, కృతజ్ఞత. ఇక్కడ ఆ రెండింటితో పాటు నమస్కారం, దైవప్రార్థన.

బొమ్మ సంకేతం ఒకటే అయినా దాన్ని గీసేది ఏ కంపెనీకి ఆ కంపెనీయే. కళ్ళు మూసి పళ్ళన్నీ చూపే ముఖం 😁 2016కు ముందు ఆపిల్ ఫోన్లలో పళ్ళు బిగబట్టి ఇబ్బంది పడుతున్నట్టు కనిపించేది, ఇతర ఫోన్లలో హాయిగా నవ్వుతున్నట్టు ఉండేది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఏడాదే ఇలాంటి తేడాలను పరిశీలించి, ఒకే బొమ్మ వేర్వేరు ఫోన్లలో వేర్వేరు భావాలుగా అందుతోందని చూపించారు. అదే ఏడాది ఆపిల్ తుపాకి బొమ్మను నీళ్ళ తుపాకిగా మార్చేసింది. మిగిలిన పెద్ద కంపెనీలు 2018 నాటికి ఆ దారి పట్టాయి. మధ్యలో ఆ రెండేళ్ళు, ఒకరు ఆటబొమ్మ అనుకుని పంపినది ఇంకొకరి తెరమీద నిజమైన ఆయుధంగా కనిపించింది.

ఆఫీసు కంప్యూటర్లలో దీనికి నిత్యం ఎదురయ్యే ఉదాహరణ మన జెండాయే. జెండా ఎమోజీ నిజానికి దేశపు సంకేతాక్షరాల జంట. విండోస్‌లో ఆ జంట జెండాగా మారదు. ఆగస్టు 15న మీరు ఫోనులోంచి ఎంత ఉత్సాహంగా త్రివర్ణ పతాకం పంపినా, విండోస్ కంప్యూటరులో మెయిల్ తెరిచినవారికి చాలావరకు ‘ఐ’, ‘ఎన్’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. పాత ఫోన్లలో కొత్త ఎమోజీలు ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. ప్రమిద 🪔, చీర 🥻, హిందూ ఆలయం 🛕, ఆటో 🛺 ఈ నాలుగూ 2019లో వచ్చినవి కనుక, అంతకుముందు కొన్న ఫోనును అప్‌డేట్ చేయకుండా వాడుతున్న అత్తయ్యగారికి మీ దీపావళి దీపం డబ్బాగానే అందుతుంది. శుభాకాంక్షలను మాటల్లోనే రాసి, దీపాన్ని చివర పెట్టండి.

నాలుగో మెట్టు: కార్యాలయంలో ‘చూశాను’ వేరు, ‘ఒప్పుకున్నాను’ వేరు

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆఫీసు గొడవల్లో ఎమోజీకి సంబంధించినవి ఉంటే, వాటిలో చాలావరకు బొటనవేలు బొమ్మ 👍 చుట్టూనే తిరుగుతాయి. సందేశం చూశానని చెప్పడానికీ, సరేనని చెప్పడానికీ, పని పూర్తయిందని చెప్పడానికీ, బాగుందని మెచ్చుకోవడానికీ మనం ఇదే బొమ్మ వాడుతున్నాం. ‘గురువారంలోగా డెలివరీ ఇచ్చేయాలి’ అని మేనేజరు రాస్తే, టీమ్‌లో అయిదుగురు బొటనవేలు పెడతారు. మేనేజరు అయిదుగురూ మాట ఇచ్చారనుకుంటారు, అయిదుగురూ కేవలం చదివామనుకుంటారు. గురువారం వచ్చాక అసలు సంగతి బయటపడుతుంది.

ఇది న్యాయస్థానాల దాకా వెళ్ళిన విషయం. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల కొనుగోలు ఒప్పందం ఫోటో పంపి ఖరారు చేయమని అడిగితే, రైతు బొటనవేలు బొమ్మతో జవాబిచ్చాడు. గింజలు మాత్రం పంపలేదు. ఒప్పంద పత్రం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పెట్టానని అతను వాదించినా, ఆ ఇద్దరి మధ్య అంతకుముందు ఇలాంటి పొట్టి జవాబులతోనే బేరాలు ఖరారయ్యాయని గమనించిన న్యాయస్థానం, 2023లో దాన్ని సంతకంతో సమానమైన అంగీకారంగా తీసుకుని 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమంది. 2024లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

మన దగ్గర జరిగినది దీనికి రెండో వైపు. ఒక పై అధికారి హత్యకు సంబంధించిన సందేశానికి వాట్సాప్ గ్రూపులో బొటనవేలు పెట్టినందుకు రైల్వే రక్షక దళానికి చెందిన ఒక కానిస్టేబులును ఉద్యోగం నుంచి తొలగించారు. హత్యను హర్షించినట్టుగా ఆ బొమ్మను పై అధికారులు చదివారు. సందేశం చూశానని తెలపడానికే పెట్టానన్న అతని వివరణను అంగీకరించి, అతన్ని తిరిగి చేర్చుకోవాలన్న ఆదేశాన్ని 2024లో మద్రాసు హైకోర్టు ధర్మాసనం సమర్థించింది. ఒకచోట ‘చూశాను’ అన్న వాదన నెగ్గలేదు, మరొకచోట నెగ్గింది. రెండు తీర్పులూ సందర్భాన్ని బట్టి వచ్చినవే. కనుక ఏ వైపు తీర్పు వస్తుందో ఊహించుకోవడం కన్నా, అసలు ఆ ప్రశ్నే తలెత్తకుండా రాయడం మేలు.

దానికి ఆచరణలో రెండు పనులు చేయవచ్చు. మొదటిది, డబ్బు, తేదీ, పరిమాణం, బాధ్యత, సెలవు వీటిలో ఏది ఉన్నా జవాబు మాటల్లో ఇవ్వాలి. ‘అందింది, చదివి సాయంత్రం చెబుతాను’ అని రాస్తే ఒప్పుకోలేదని స్పష్టం. ‘సరే, గురువారం అయిదింటికి ఇస్తాను’ అని రాస్తే ఒప్పుకున్నారని స్పష్టం. పోర్టు ప్రాంతంలో సరుకు ఎగుమతి, దిగుమతి పనులు చూసే ఏజెంట్లకూ లారీ యజమానులకూ మధ్య రేట్లు కూడా ఇప్పుడు వాట్సాప్‌లోనే తేలుతున్నాయి కనుక, అలాంటివారికి ఈ అలవాటు మరీ అవసరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, నిర్ణీత ధ్రువపత్రంతో ఎలక్ట్రానిక్ రికార్డులు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయి. చాట్‌లోని మాటలకు వర్తించేది బొమ్మలకూ వర్తిస్తుంది.

రెండోది, టీమ్ గ్రూపులో రెండు మూడు బొమ్మలకు అర్థం ముందే ఖరారు చేసి, దాన్ని గ్రూపు వివరణలో రాసి పెట్టాలి. కళ్ళ బొమ్మ 👀 చూస్తున్నాను, పచ్చ టిక్కు ✅ పని పూర్తయింది, చెయ్యెత్తిన బొమ్మ ✋ ఈ పని నేను తీసుకుంటున్నాను. ఇంతకు మించి పెడితే ఎవరికీ గుర్తుండవు. ఈ గుర్తులను విడి సందేశాలుగా కాక, సందేశం మీదే రియాక్షన్‌గా పెట్టమని చెప్పండి. వాట్సాప్‌లో రియాక్షన్లు 2022 మేలో ఆరు బొమ్మలతో మొదలై, కొద్ది నెలల్లోనే అన్ని ఎమోజీలకూ విస్తరించాయి. రియాక్షన్ పెడితే ఆ సందేశం రాసినవారికే కబురు వెళుతుంది, గ్రూపులో మిగిలినవారి ఫోన్లు మోగవు. నూట యాభై ఫ్లాట్ల సంఘం గ్రూపులో ‘ట్యాంకు కడగడం ఆదివారం’ అన్న ఒక్క ప్రకటన కింద వరుసగా దిగే డెబ్భై బొటనవేళ్ళు అసలు ప్రకటనను పైకి నెట్టేసి కనబడకుండా చేస్తాయి. ఇది ఎమోజీ దోషం కాదు గానీ, అడ్మిన్లకు మాత్రం రోజూ ఉండే తలనొప్పి.

అధికారిక లేఖ, టెండరు, రాజీనామా, జీతం గురించిన మెయిల్, క్రమశిక్షణ నోటీసు వీటిలో ఎమోజీకి చోటు లేదు. తప్పు ఎత్తిచూపేటప్పుడు కూడా చివర నవ్వు ముఖం తగిలించకండి. ‘ఈ లెక్క మళ్ళీ తప్పింది 😊’ అన్నది మెత్తదనంగా అనిపించదు, వెక్కిరింతగా అనిపిస్తుంది. మెత్తగా చెప్పాలంటే ‘నాలుగో వరుసలో మొత్తం సరిపోవడం లేదు, ఒకసారి చూడగలరా?’ అని వరుసను చూపించి అడగడం కన్నా మంచి మార్గం లేదు.

అయిదో మెట్టు: చావు కబురు, జబ్బు కబురు

కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వే ముఖాన్ని 😂 ఏడుపు అనుకునే పెద్దవారు ప్రతి కుటుంబ గ్రూపులోనూ ఒకరిద్దరు ఉంటారు. చిన్న తెరమీద, కళ్ళజోడు లేకుండా చూస్తే కనిపించేవి రెండు నీలి చుక్కలే, అవి కన్నీళ్ళే కదా అనుకోవడం సహజం. ‘తాతగారు ఈ ఉదయం కాలం చేశారు’ అన్న సందేశం కింద, పాపం మనస్ఫూర్తిగా బాధపడుతూనే, ఆయన మేనత్త కూతురు ఆ బొమ్మ అయిదుసార్లు పెడుతుంది. గ్రూపులో ఎవరూ ఏమీ అనరు, అందరూ చూస్తారు. ఇంట్లో ఇలాంటి పెద్దవారుంటే ముందుగానే పక్కన కూర్చుని, నోటి ఆకారం చూడమని చెప్పండి: నోరు తెరిచి పళ్ళు కనిపిస్తే నవ్వు, నోరు కిందికి వంగి ఉంటే ఏడుపు 😢. ఎక్కువగా వాడిన బొమ్మల వరుసలో నవ్వు ముఖం ముందు ఉండటమే ప్రమాదానికి సగం కారణం కనుక, పరామర్శకు 🙏 ఒక్కటే వాడమని చెప్పడం ఇంకా తేలిక.

మీ మటుకు మీరు, దగ్గరివారి చావు కబురుకు కేవలం బొమ్మతో జవాబివ్వకండి. ‘అక్కా, నాన్నగారి వార్త తెలిసి చాలా బాధ కలిగింది. సాయంత్రానికి బయలుదేరి వస్తున్నాం’ అన్న మాటకు సాటి వచ్చే బొమ్మ లేదు. ఆఫీసు గ్రూపులో దూరపు సహోద్యోగి ఇంట్లో జరిగిన మరణానికైతే చేతులు జోడించిన రియాక్షన్ చాలు, అక్కడ బొటనవేలు మాత్రం ఎప్పుడూ కూడదు. ‘ఆపరేషన్ బాగా జరిగింది’ అన్న సందేశానికి ఏ బొమ్మ పెట్టినా ఫరవాలేదు.

ఆరో మెట్టు: తుపాను కబురులో రంగు బొమ్మలు వద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి హెచ్చరిక సందేశాల విలువ వేరే చెప్పనక్కరలేదు. భారత వాతావరణ శాఖ హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులు వాడుతుంది. రేవులలో ప్రమాద సూచికలను అంకెలతో ఎగురవేస్తారు. కనుక ‘విశాఖకు వర్ష సూచన 🔴🔴🔴’ అని ఎవరైనా శ్రద్ధకోసం మూడు ఎర్ర చుక్కలు తగిలిస్తే, శాఖ ప్రకటించినది పసుపు హెచ్చరికే అయినా చదివినవారు రెడ్ అలర్ట్ అనుకుంటారు. సముద్రం మీదికి పోవచ్చో లేదో తేల్చుకోవాల్సిన ఫిషింగ్ హార్బర్ బోటు యజమానికి ఇది చిన్న పొరపాటు కాదు. హెచ్చరిక రంగును, రేవు సూచిక నంబరును, తేదీని, గంటను అక్షరాల్లో రాయండి. చూపు పడటానికి సందేశం మొదట్లో ఒక హెచ్చరిక గుర్తు ⚠️ చాలు.

ఏడో మెట్టు: చెవితో చదివేవారిని లెక్కలోకి తీసుకోండి

చూపు లేనివారు, చూపు మందగించినవారు ఫోనులోని టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ వంటి పరికరాలతో సందేశాలను వింటారు. ఆ గొంతు ప్రతి ఎమోజీ పేరునూ చదివి వినిపిస్తుంది. ‘మీకు 🎉🎉🎉🎉 పుట్టినరోజు 🎂🎂 శుభాకాంక్షలు’ అన్న వాక్యం వారికి మధ్యమధ్య బొమ్మల పేర్ల మోతతో ముక్కలై వినిపిస్తుంది. ఎమోజీని వాక్యం చివర, ఒక్కటే పెడితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. ‘రేపు ఉదయం 🛺లో వస్తాను’ అని మాటకు బదులుగా బొమ్మను ఇరికించే పద్ధతినీ మానాలి.

సాధారణ ఎస్సెమ్మెస్ పంపే దుకాణదారులు, క్లినిక్కులవారు ఇంకొకటి గమనించాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క ఎమోజీ చేరినా సంకేత పద్ధతి మారిపోయి పరిమితి 70కి పడిపోతుంది, సందేశం రెండు మూడుగా విడిపోయి ఖర్చు పెరుగుతుంది. తెలుగు లిపిలో రాసినవారికి పరిమితి ముందే 70 కనుక వారికి కొత్తగా పోయేది ఏమీ లేదు.

ఎనిమిదో మెట్టు: అపార్థం జరిగాక

వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు సరిదిద్దవచ్చు. అందరి దగ్గరా తుడిచేయడానికి రెండు రోజులకు కొంచెం పైగా గడువుంటుంది. రియాక్షన్‌ను ఎప్పుడైనా మార్చవచ్చు, తీసేయవచ్చు. అయితే అవతలివారికి కబురు అప్పటికే వెళ్ళి ఉండవచ్చు కనుక, మౌనంగా తుడిచేయడం అనుమానాన్ని పెంచుతుంది. వేలు జారి పడిన బొమ్మ అయితే, ‘పొరపాటున వేరే బొమ్మ పడింది, క్షమించండి’ అని వెంటనే ఒక్క వాక్యం రాసి వదిలేయండి. వేలు జారడం కాదు, వారు వేరే అర్థంలో తీసుకున్నారు అని తెలిస్తే, మరో బొమ్మతో సర్దుబాటు చేయబోకండి. కోపంగా ఉన్నవారికి నాలుక బయటపెట్టిన ముఖం 😜 పంపి నవ్వించాలని చూస్తే మొదటిదానికన్నా పెద్ద గొడవ అవుతుంది.

పెద్దవారు నొచ్చుకున్నప్పుడూ, మేనేజరు సమాధానం లేకుండా చదివి ఊరుకున్నప్పుడూ ఫోను చేయండి. ఆ ఫోనులో బొమ్మకు ఏ అర్థం ఉందో వాదించనక్కరలేదు. ‘సార్, నేను అడగదలచుకున్నది శుక్రవారం సెలవు గురించి’ అనో, ‘పెద్దమ్మా, వ్రతానికి మేం అందరం వస్తున్నాం, పొద్దున్న తొమ్మిదింటికల్లా ఉంటాం’ అనో, సందేశంలో చెప్పలేకపోయిన విషయాన్నే నేరుగా చెప్పండి.